పాత గ్రాండ్ పియానో చూడ్డానికి వెళ్తే ఏం వినాలి, చేతికి ఏం తెలియాలి?

తిత్తి_మాస్టారు (హనుమకొండ):

అందరికీ నమస్కారం. నేను సర్కారు బడిలో లెక్కలు చెప్తాను. ముప్పై ఏళ్లుగా శనివారం భజనల్లో హార్మోనియం వాయిస్తున్నాను. శ్రుతి తప్పితే నా చెవికి తెలుస్తుంది. పియానో మాత్రం నాకు పూర్తిగా కొత్త.

మా బిడ్డ పదో తరగతి. ఏడేళ్లుగా కీబోర్డు నేర్చుకుంటోంది. ఇక దాని మీద నేర్చుకునేది లేదు, అసలు పియానో చూడండని వాళ్ల మేడమ్ అంటోంది. కాజీపేటలో రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన ఇల్లు ఖాళీ చేసి బెంగళూరులో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్తున్నారు. వాళ్ల హాల్లో జపాన్‌లో తయారైన గ్రాండ్ ఉంది. పొడవు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు. నాలుగు లక్షలు చెప్తున్నారు. ట్యూనింగ్ చేయించి నాలుగేళ్లయిందట.

పోయిన ఆదివారం చూసొచ్చాం. నేను హార్మోనియం మెట్లు నొక్కినట్టే ఒక్కో కీ నొక్కుతూ ఈ చివర నుంచి ఆ చివరికి పోయాను. అన్నీ బాగానే మోగాయి. నాకన్నీ బాగున్నట్టే వినపడటమే నా టెన్షన్. బిడ్డ పది నిమిషాలు వాయించి చెవిలో చెప్పింది: "నాన్నా, పైన గాజు గ్లాసును చెంచాతో కొట్టినట్టుంది. కింద వేళ్లు గుంజుతున్నాయి." పెద్దాయన ముందు ఏమీ అనలేక చాయ్ తాగి వచ్చేశాం.

ఆ గాజు చప్పుడు పియానోదా, ట్యూనింగ్ లేక వచ్చిందా, లేక ఆ గదిదా? ఎట్లా విడదీసి చూడాలి? హైదరాబాద్ నుంచి టెక్నీషియన్‌ను పిలిపించే ముందు నేనే చూసుకోగలిగినవి ఉంటే చెప్పండి.

పిన్ను_సుత్తి (సికింద్రాబాద్):

మాస్టారూ, ఇరవై రెండేళ్లుగా నా పని ఇదే. మీ బిడ్డ చెవి మంచిది, ముందు ఆ మాట చెప్పాలి.

కొనడానికి వచ్చినవాళ్లంతా కూర్చోగానే గట్టిగా బాదుతారు. గట్టిగా కొడితే ఏ పియానో అయినా మోగుతుంది. 1700 ప్రాంతంలో ఫ్లోరెన్స్‌లో క్రిస్టోఫోరి దీన్ని తయారుచేసిందే మెల్లగా, గట్టిగా రెండూ వేలితోనే పలికించడానికి. కాబట్టి మెల్లగా మొదలుపెట్టండి. మీ హార్మోనియంలో మెట్టు ఎంత బలంగా నొక్కినా తేడా రాదు, బలమంతా తిత్తిది. ఇక్కడ తిత్తి లేదు. కీ ఎంత వేగంగా దిగితే సుత్తి అంత వేగంగా లేస్తుంది, తీగను తాకడానికి కొంచెం ముందే మీ వేలితో సంబంధం తెంచుకుని సొంతంగా ఎగురుతుంది. ఆ తెగే చోటు వేలికి తెలుస్తుంది. ఒక కీని అసలు చప్పుడు రానంత నిదానంగా నొక్కండి. దాదాపు అడుగున చిన్న గంటు తగిలినట్టుంటుంది. అది అన్ని కీలలో ఒకే లోతున రావాలి. ఒకచోట ముందు, ఒకచోట వెనక వస్తే రెగ్యులేషన్ (లోపలి భాగాల సర్దుబాటు) పోయినట్టు. ఖర్చవుతుంది గానీ బాగవుతుంది.

వేళ్లు గుంజుతున్నాయంది కదా, దానికి పది రూపాయల బిళ్లలు ఓ పది పట్టుకెళ్లండి. కిరాణా దుకాణాల్లో ఎట్లాగూ తీసుకోవట్లేదు. ఒక్కోటి 7.71 గ్రాములు. కుడి పెడల్ తొక్కి ఉంచి (తొక్కకపోతే డ్యాంపర్, అంటే తీగ మోతను ఆపే మెత్త, దాని బరువు కూడా కలుస్తుంది) కీ ముందు అంచున ఒకదాని మీద ఒకటి పేర్చండి. ఆరేడు బిళ్లలకి, అంటే యాభై గ్రాముల చుట్టుపక్కల, కీ తనంతట తానే మెల్లగా దిగాలి. బేస్ వైపు, అంటే ఎడమ పక్క కింది స్వరాలకి, ఒకటి ఎక్కువైనా ఏం కాదు. తొమ్మిది పెట్టినా కదలకపోతే లోపల ఎక్కడో రాపిడి ఉంది. తేమకి ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) ఉబ్బినా అట్లా అవుతుంది.

ఇంకోటి, గ్రాండ్‌కి మాత్రమే ఉండే సుఖం. కీని సగం పైకి రానిచ్చి మళ్లీ కొట్టండి, పలకాలి. పియానోలు తయారుచేసే ఎరార్ 1821లో పేటెంట్ చేసిన ఏర్పాటు అది. మామూలు నిలువు పియానోలో కీ దాదాపు పైదాకా రావాలి.

ఇక గాజు సంగతి. ఎడమ పెడల్ తొక్కి అదే స్వరం వాయించండి. ఆ పెడల్ తొక్కితే సుత్తులన్నీ ఒక పక్కకి జరుగుతాయి, తీగలు ఫెల్ట్ మీద రోజూ పడే గాళ్లలో కాకుండా కొత్త చోట పడతాయి. గొంతు ఒక్కసారిగా మెత్తబడిందంటే తప్పు సుత్తులదే, ఫెల్ట్ గట్టిపడింది. సూదులతో గుచ్చి మెత్తబరచొచ్చు. తీగల సందుల్లోంచి ఫోన్ టార్చి వేసి చూస్తే ఆ గాళ్లు మీకే కనపడతాయి.

నేను భయపడేది వేరే దానికి. దాదాపు 230 తీగలు, అన్నీ కలిపి 18 నుంచి 20 టన్నుల లాగుడు. ఆ బరువంతా ఇనుప ఫ్రేము మోస్తుంది గానీ, తీగ చుట్టిన పిన్ను తిరిగిపోకుండా పట్టుకునేది చెక్కే. మన ఎండలకి ఆ చెక్క వదులైతే ట్యూనింగ్ నిలవదు. నాలుగేళ్లకి అన్ని స్వరాలూ ఒకేలా తగ్గి ఉంటే ఫరవాలేదు. పక్కపక్కనే ఒకటి నిలబడి ఇంకోటి జారిపోతే అనుమానించండి. డబ్బు ఇచ్చే ముందే ఒకసారి ట్యూన్ చేయించి, పదిహేను రోజులాగి మళ్లీ వినండి.

చివరికి కింద పడుకుని సౌండ్‌బోర్డు (తీగల కింద ఉండే, మోతను పెంచే పలచటి చెక్క పలక) చూడండి. అడుగున ఒక పక్క నుంచి ఇంకో పక్కకి దారం బిగించి పట్టుకుంటే మధ్యలో సందు కనపడాలి. ఆ బోర్డు తీగల వైపు కొద్దిగా ఉబ్బి ఉండాలి. దారం పూర్తిగా అంటుకుందంటే నన్ను అడక్కుండా వదిలేయండి.

ప్లగ్గు_చాలు (కరీంనగర్):

అన్నా, నాలుగు లక్షలకి మంచి డిజిటల్ వస్తుంది. ట్యూనింగ్ గోల లేదు, రాత్రి హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయించుకోవచ్చు. మూడొందల కిలోల సామాను ఇంట్లోకి ఎక్కించి ఏం చేస్తావ్?

కాయర్_అక్క (కాజీపేట):

ప్లగ్గు తమ్ముడూ, నా దగ్గర రెండూ ఉన్నాయి. ప్రాక్టీసుకి డిజిటల్ తప్పు కాదు. మాస్టారు అడిగింది అది కాదు కదా.

సార్, గది గురించి నేను చెప్తా. మన ఇళ్లల్లో కింద గ్రానైటు, గోడలు ఉత్త సున్నం, పరదాలు కూడా పలచగా. గ్రాండ్ మోత అందులో రెండింతలవుతుంది. పియానో కింద ఒక మందపాటి జంపఖానా పరిచి వినండి. మూత పూర్తిగా తెరిచి ఒకసారి, చిన్న కర్ర మీద ఆపి ఒకసారి. మీరు పక్క గదిలోకి పోయి, బిడ్డను వాయించమనండి. వాయించేవాళ్ల చెవికి ఒక రకం, ఎదుటివాళ్లకి ఒక రకం.

బేస్‌లో రాగి చుట్టిన తీగలు అయిపోయి ఉత్త ఉక్కు తీగలు మొదలయ్యే చోటు ఒకటుంటుంది. ఒక్కో కీ మెట్లెక్కినట్టు వాయిస్తూ పొండి. అక్కడ గొంతు మనిషి మారినట్టు మారకూడదు. పొట్టి గ్రాండ్‌లలో కొంచెం మారుతుంది, మీదాని పొడవుకి మరీ ఎక్కువ మారకూడదు.

కూలర్ ఎక్కడ పెట్టారో కూడా చూడండి. నేను ఇదివరకు వాయించిన ఒక చర్చిలో కూలర్‌ను సరిగ్గా పియానో వైపు తిప్పి పెట్టారు. రెండు ఎండాకాలాలకి మధ్య కీలు నొక్కితే పైకి రాలేదు. మే అంతా తడి గాలి, కూలర్ ఆపగానే ఎండు గాలి. చెక్క ఏమైపోవాలి?

తిత్తి_మాస్టారు (హనుమకొండ):

ఆలస్యంగా రాస్తున్నా, క్షమించండి. మూడు వారాలు పట్టింది.

బిళ్లలు, దారం, కొత్తవాడలో కొన్న జంపఖానా స్కూటీ మీద పెట్టుకుని వెళ్లాం. పెద్దాయన నన్ను చూసి "మంత్రం వేస్తారా సార్" అని నవ్వారు. మధ్యలో అన్ని కీలూ ఏడు బిళ్లలకి దిగాయి. కింది వైపు ఎనిమిదికి. మధ్య సా పైన ఉన్న మా (నా లెక్కలో, మీ ఎఫ్) మాత్రం పదికి కూడా దిగలేదు, పక్క కీకి రాసుకుంటోంది. జంపఖానా పరిచాక మోత తగ్గింది, గాజు తగ్గలేదు. ఎడమ పెడల్ తొక్కితే పోయింది! టార్చి వేసి చూస్తే పై సుత్తుల మీద మూడేసి గాళ్లు, బ్లేడుతో గీసినట్టున్నాయి. దారం కింద బియ్యపు గింజంత సందు ఉంది. కూలర్ వేరే గదిలో ఉంది. ఎండాకాలం పియానో కింద రెండు మట్టి చిప్పల్లో నీళ్లు పెట్టేవారట.

నా ఖర్చుతో ట్యూన్ చేయించా. డబుల్ రీడు హార్మోనియంలో రెండు రీడ్లు కలవకపోతే వచ్చే ఊగు ఉంటుంది చూడండి, మూడు తీగల మధ్య అదే ఊగు ఒక్కొక్కటిగా సద్దుమణగడం పక్కన కూర్చుని విన్నా. పదిహేను రోజుల తర్వాత రెండు స్వరాల్లో మళ్లీ ఊగు వచ్చింది. మిగతావన్నీ నిలిచాయి. ఆ రెండింటికీ కొంచెం లావు పిన్నులు వేస్తే సరిపోతుందన్నారు ట్యూన్ చేసినాయన.

ఆ రోజు బిడ్డ ఒకటే స్వరాన్ని తగ్గించుకుంటూ తగ్గించుకుంటూ ఓ నలభై సార్లు వాయించింది. వంటింట్లోంచి ఆంటీ వచ్చి "ఆపేశావేం బిడ్డా" అని అడిగింది. అది ఆపలేదు, వాయిస్తూనే ఉంది.

సుత్తులకి, పిన్నులకి అయ్యే ఖర్చు చూపించి బేరమాడితే మూడు లక్షల ముప్పై వేలకి ఒప్పుకున్నారు. ఇప్పుడు కాజీపేట నుంచి మా నయీంనగర్ ఇంటికి తేవాలి. గ్రౌండ్ ఫ్లోరే.

పిన్ను_సుత్తి (సికింద్రాబాద్):

మంచి బేరమే. మామూలు ప్యాకర్లకి ఇవ్వకండి, పియానోలు మోసినవాళ్లే కావాలి. పెడళ్లు, కాళ్లు విప్పి, తిన్నటి పక్కని కిందకి పెట్టి, చెక్క పలక మీద నిలబెట్టి కట్టాలి. ఇంటికొచ్చిన రోజే ట్యూనర్‌ని పిలవద్దు, మూడు వారాలు మీ గది గాలి పట్టనివ్వండి. ఆ ఎఫ్ కీ ఈలోపు దానంతట అదే వదిలినా వదలొచ్చు, బిళ్లలు దాచి ఉంచండి.