ఒక్క బడి ఉన్న స్కూల్ డిస్ట్రిక్టును పక్క ఊరితో కలపాలా?

తూర్పుగట్టు:
మాది న్యూజెర్సీలో ఒక బరో, అంటే సొంత పాలన ఉన్న చిన్న ఊరు. ఇక్కడ ఉన్నది ఒకటే బడి, కిండర్‌గార్టెన్ నుంచి ఎనిమిదో తరగతి వరకు. తొమ్మిదికి వచ్చిన పిల్లలు పక్క టౌన్‌షిప్ హైస్కూలుకు వెళ్తారు. అందుకు తలకు ఇంత అని మా స్కూల్ బోర్డు ఆ టౌన్‌షిప్‌కు ఫీజు కడుతుంది. ఆ ఒక్క బడి కోసం ఒక స్కూల్ డిస్ట్రిక్టు (బడులు నడిపే స్థానిక సంస్థ), దాన్ని నడిపే ఒక సూపరింటెండెంట్, లెక్కలు చూసే ఒక బిజినెస్ అడ్మినిస్ట్రేటర్, ఎన్నికైన బోర్డు, ఒక లాయరు, ఏటా ఒక ఆడిట్. న్యూజెర్సీలో ఇలాంటి చిన్నవీ, పెద్దవీ కలిపి డిస్ట్రిక్టులు 600కు దగ్గరగా ఉన్నాయి. ఒక ఇంటికి ఏడాదికి సగటు ప్రాపర్టీ టాక్స్ 2024లో పది వేల డాలర్లు దాటింది. అందులో సగానికి పైగా బడులకే పోతుంది.

పక్క టౌన్‌షిప్‌తో కలిసి ఒకే డిస్ట్రిక్టు అయితే ఎలా ఉంటుందో అధ్యయనం చేయించాలని మా బోర్డు ఆలోచిస్తోంది. 2022 జనవరి నాటి చట్టం కింద అలాంటి అధ్యయనాలకు రాష్ట్రం గ్రాంటు ఇస్తుంది. కలిస్తే పన్ను తగ్గుతుందని మా వీధి వాళ్లంటున్నారు. నేనూ కలపాలనే అంటాను. ఒక్క బడికి ఇంత యంత్రాంగం దండగ. మీరేమంటారు?

లెక్కలపుస్తకం:
దండగ అని తేల్చేముందు బడ్జెట్ తెరిచి చూడండి. ప్రతి డిస్ట్రిక్టూ పౌరులకు అర్థమయ్యేలా రాసిన సంక్షిప్త బడ్జెట్‌ను తన వెబ్‌సైట్లో పెట్టి తీరాలి. ఏ డిస్ట్రిక్టుదైనా తీసుకోండి, సింహభాగం ఉపాధ్యాయుల జీతాలు, ఆరోగ్య బీమా, బస్సులు, ప్రత్యేక విద్య. సూపరింటెండెంట్ జీతం కంటికి పెద్దగా కనిపిస్తుంది కానీ మొత్తంలో దాని వాటా చిన్నదే. పైగా రెండు డిస్ట్రిక్టులు కలిస్తే జీతాల పట్టీ సాధారణంగా ఎక్కువ ఇచ్చే వైపుకే సర్దుకుంటుంది. ఒక సూపరింటెండెంట్ దగ్గర మిగిలింది అక్కడ ఖర్చయిపోవచ్చు.

సిరక్యూస్ యూనివర్సిటీ ఆర్థికవేత్తలు డంకోంబ్, యింగర్ న్యూయార్క్ గ్రామీణ డిస్ట్రిక్టుల విలీనాలను పరిశీలించారు. మరీ చిన్నవి కలిసినప్పుడు ఆదా గణనీయంగా ఉంది, పరిమాణం పెరిగేకొద్దీ ఆ ఆదా తగ్గిపోయింది. భవనాల ఖర్చు కొంత లాభాన్ని మింగేసింది. కాబట్టి మీ బడి ఎంత చిన్నదో, ఎవరితో కలుస్తోందో చూడాలి. మీ వీధిలో వాళ్ల అభిప్రాయంతో తేలే విషయం కాదిది.

నదిఒడ్డు:
మన రాష్ట్రంలోనే జరిగిన ఉదాహరణ ఉంది. హంటర్డన్ కౌంటీలో లాంబర్ట్‌విల్, స్టాక్టన్, వెస్ట్ ఆమ్‌వెల్ అనే మూడు ఊళ్లకు మూడు ప్రాథమిక డిస్ట్రిక్టులు, మూడింటికీ ఉమ్మడిగా సౌత్ హంటర్డన్ హైస్కూలు డిస్ట్రిక్టు ఇంకొకటి ఉండేవి. అంటే నాలుగు బోర్డులు. 2013లో మూడు ఊళ్ల ఓటర్లూ విలీనానికి సరే అన్నారు. 2014 జూలై 1 నుంచి అవి ఒకటే డిస్ట్రిక్టు.

ఆ తర్వాత జరిగింది కూడా చెప్పాలి. స్టాక్టన్ జనాభా అయిదు వందలు. తరతరాలుగా ఆ ఊరి నడిమధ్య నడిచిన చిన్న బడిని 2018లో మూసేశారు. పాఠాల నాణ్యత పెరిగిందనీ, మూడు ఊళ్ల పిల్లలూ ఒకే పాఠ్య ప్రణాళికతో హైస్కూలుకు చేరుతున్నారనీ సమర్థించేవాళ్లు చెప్తారు. నాకూ అది నిజమేననిపిస్తుంది. కానీ విలీనానికి ఓటు వేసేటప్పుడు బడి మూతపడటానికి కూడా ఓటు వేస్తున్నామేమో అన్న ఆలోచన ప్రతి ఒక్కరికీ ఉండాలి. కొత్త బోర్డులో చిన్న ఊరికి ఎన్ని సీట్లు ఉంటాయి, బడిని మూసే నిర్ణయానికి ఎన్ని ఓట్లు కావాలి అన్నవి ముందే కాగితం మీద ఉండాలి.

చందుఅమ్మ:
నేను కలపాలనే వైపు. నా కారణం పన్ను కాదు.

మా అబ్బాయికి మాట ఆలస్యంగా వచ్చింది. ఐఈపీ, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బడి రాసే విద్యా ప్రణాళిక, ఉంది. మాదీ ఒక్క బడి డిస్ట్రిక్టే. స్పీచ్ థెరపిస్టు మా ఒక్క డిస్ట్రిక్టు మనిషి కాదు, ఇంకో రెండు చోట్ల కూడా పని చేస్తుంది. ఆమెకు ఇచ్చిన గది ఒకప్పుడు జిమ్ సామాను పెట్టుకున్న కొట్టు. బాస్కెట్‌బాల్ వలలు ఇంకా ఒక మూలన వేలాడుతుంటాయి. ఆమె మంచి మనిషి, పిల్లలంటే ప్రాణం. కానీ ఆమెకు జ్వరం వస్తే ఆ వారం మా వాడికి థెరపీ లేదు. పక్క టౌన్‌షిప్‌లో అదే పనికి ఒక బృందం ఉంది.

ఇంకో సంగతి. చిన్న డిస్ట్రిక్టులో ఒక్క పిల్లవాడికి బయటి ప్రత్యేక పాఠశాల అవసరమైతే ఏడాదికి లక్ష డాలర్ల దాకా అవుతుంది. అసాధారణ ఖర్చులకు రాష్ట్రం కొంత తిరిగి ఇస్తుంది, పూర్తిగా కాదు. పెద్ద డిస్ట్రిక్టు బడ్జెట్‌లో ఆ మొత్తం కలిసిపోతుంది. చిన్న డిస్ట్రిక్టులో దానికోసం ఒక ఆర్ట్ టీచర్ ఉద్యోగం పోవచ్చు. అప్పుడు మీటింగులో తోటి తల్లిదండ్రులు ఎవరి పిల్లవాడి వల్ల ఇదంతా అని గుసగుసలాడుకుంటారు. ఆ బరువు ఏ తల్లి మీదా పడకూడదు.

విశ్రాంతమాస్టారు:
గుంటూరు జిల్లాలో మండల పరిషత్ బడుల్లో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు అమ్మాయి దగ్గర ఉన్నాను. చందుఅమ్మ గారి మాట చదివాక రాయాలనిపించింది.

ఇక్కడ బోర్డు సభ్యులకు జీతం లేదు, మూడేళ్ల పదవి, మీటింగులు బహిరంగం, ఎవరైనా లేచి అడగవచ్చు. మా దగ్గర బడి గోడ మీద మండల పరిషత్ అనే రాసి ఉంటుంది, కానీ మండల పరిషత్ నిర్ణయించేది ఏమీ లేదు. ఉపాధ్యాయుల జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది, నియామకం డీఎస్సీ, బదిలీ కౌన్సెలింగ్. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది మహిళలు. చట్టం మంచిదే. కానీ ఆ కమిటీ చేతికి వచ్చే డబ్బెంత? సమగ్ర శిక్ష కింద ముప్ఫై మంది లోపు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, వంద లోపు ఉంటే 25,000. సుద్దముక్కలు, చీపుర్లు, కరెంటు బిల్లు అయ్యాక తీర్మానం చేయడానికి మిగిలేది ఏముంటుంది?

అలాగని స్థానిక అధికారమంతా మంచిదేనని అనను. 1959 చట్టంతో ప్రాథమిక బడులు పంచాయతీ సమితుల చేతికి వచ్చాయి. బదిలీ కోసం సమితి ప్రెసిడెంటు ఇంటి అరుగు మీద పడిగాపులు కాసిన తరం నాకు పాఠాలు చెప్పింది. ఎన్నికల్లో ఎవరి వెంట తిరిగారన్నదాన్ని బట్టి మారుమూల ఊరికి వేసేవారు. అందుకే ఉపాధ్యాయులు రాష్ట్రం వైపు చూశారు, ఖజానా జీతం కోసం పోరాడారు. జీతం భద్రమైంది. దానితోపాటే బడి ఊరి చేతిలోంచి జారిపోయింది. ఈ రెంటిలో ఒకటి దక్కితే ఒకటి పోవాలా అన్నదే నా జీవితమంతా నన్ను వేధించిన ప్రశ్న. ఇక్కడ మీకు రెండూ ఉన్నాయి. సరైన కారణం లేకుండా ఉద్యోగం తీసేయకూడదనే టెన్యూర్ చట్టం ఉపాధ్యాయుణ్ణి కాపాడుతుంది, బోర్డు ఊరికి జవాబు చెప్తుంది. కలపండి, కలపకపోండి, ఆ రెండోది మాత్రం పోగొట్టుకోవద్దు.

తూర్పుగట్టు:
మాస్టారు గారూ, నమస్కారం. బోర్డు ఊరికి జవాబు చెప్తుందన్నారు. మరి బడ్జెట్ మీద మాకిప్పుడు ఓటే లేదు కదండీ?

లెక్కలపుస్తకం:
అది సగం నిజం. 2012 చట్టం తర్వాత బోర్డు ఎన్నికలను నవంబరుకు మార్చుకున్న డిస్ట్రిక్టులలో పన్ను పెంపు రెండు శాతం పరిమితిలో ఉంటే బడ్జెట్‌ను ఓటుకు పెట్టనక్కరలేదు. చాలా డిస్ట్రిక్టులు అలా మారిపోయాయి. పరిమితి దాటాలంటే ఓటర్ల అనుమతి కావాలి. బీమా ఖర్చు రెండు శాతాన్ని మించి పెరిగిన ఏడాది బోర్డు కోత పెట్టేది లైబ్రేరియన్‌కో, సంగీతానికో. బీమా లాంటి కొన్నిటికి మినహాయింపులు ఉన్నా అన్నిసార్లూ చాలవు. రాష్ట్ర సహాయం 2008 నాటి ఫార్ములా ప్రకారం వస్తుంది. 2018 చట్టం దాన్ని ఏడేళ్లలో సర్దుబాటు చేసింది. పిల్లలు తగ్గిన డిస్ట్రిక్టులు ఏటేటా నష్టపోయాయి, ఎంతోకాలంగా తక్కువ అందుకున్నవి లాభపడ్డాయి. న్యాయమే, కానీ నష్టపోయిన వాటిలో చిన్నవి కూడా ఉన్నాయి.

అసలు చిక్కుముడి ఇంకోటి. ఉమ్మడి డిస్ట్రిక్టులో పన్నును ఊళ్ల మధ్య ఎలా పంచుతారు? ఇళ్ల విలువను బట్టి పంచవచ్చు, పిల్లల సంఖ్యను బట్టి పంచవచ్చు, రెండూ కలిపీ చేయవచ్చు. మీ బరోలో ఇళ్లు ఖరీదైనవై పిల్లలు తక్కువైతే, మొదటి పద్ధతిలో మీ పన్ను పెరుగుతుంది. కలిస్తే పన్ను తగ్గుతుందన్న మీ వీధి వాళ్లకు ఇది ఎవరైనా చెప్పారా? న్యూజెర్సీలో విలీనం మాట మొదలైన చోటల్లా ఎక్కువగా ఇక్కడే ఆగిపోతుంది.

పరీక్షలు_పాఠాలు:
బడి ఎలా చదివిస్తోందో ఎవరూ అడగలేదు. మా ఫోన్ గ్రూపుల్లో ఒక వెబ్‌సైట్ రేటింగు పట్టుకుని ఇల్లు కొంటారు. ఒక తరగతిలో పాతికమంది ఉన్న బడికి ఏటా మారే అంకెను నమ్మి తీర్పు చెప్పలేము. ఇద్దరు చురుకైన పిల్లలు వేరే ఊరికి వెళ్లిపోతే శాతం పడిపోతుంది. ఒక వర్గంలో పిల్లలు పదిమంది కన్నా తక్కువైతే రాష్ట్రం ఆ ఫలితాన్ని ప్రకటించనే ప్రకటించదు. ఇంగ్లీషు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు అయిదుగురే ఉంటే వాళ్లు ఎలా ఉన్నారో నివేదికలో మీకు కనిపించదు. చదువులో పిల్లల ఎదుగుదల చూపే సూచీని మూడు నాలుగేళ్లు వరసగా చూడండి, హైస్కూలుకు వెళ్లాక మీ బడి పిల్లలు తొమ్మిదిలో ఏ లెక్కల తరగతిలో చేరుతున్నారో పక్క టౌన్‌షిప్‌ను అడగండి. అది చెప్పినంత నిజం ఏ రేటింగూ చెప్పదు.

చందుఅమ్మ:
మా ఇంట్లో ఇంకో బాధ ఉంది. పదేళ్లకు పైగా గ్రీన్ కార్డు వరుసలో ఉన్నాం. పన్ను నిండా కడుతున్నాం, బోర్డుకు ఓటు వేయలేం, పోటీ చేయలేం. విలీనం ఓటుకు వచ్చినా మాకు అందులో పాత్ర లేదు. మన తెలుగు కుటుంబాలు చాలావరకు ఇదే స్థితి. అందుకే మనవాళ్లు మీటింగుకు పోయి ఏం లాభం అంటారు.

నదిఒడ్డు:
ఓటు లేకపోయినా మాట ఉంది, చందుఅమ్మ గారూ. 1975 నాటి బహిరంగ సమావేశాల చట్టం ప్రకారం ప్రతి మీటింగులోనూ ప్రజలు మాట్లాడటానికి సమయం కేటాయించాలి. మాట్లాడేవాళ్లు పౌరులై ఉండాలన్న నియమం లేదు. పైగా చిన్న డిస్ట్రిక్టులో ఎదుట కూర్చునే వాళ్లు మీ పిల్లవాడిని పేరుతో ఎరిగినవాళ్లు. పక్క టౌన్‌షిప్ బోర్డులో మీ వంతు ఎప్పుడు వస్తుందో చెప్పలేం. థెరపిస్టు గది గురించి మీరు ఇక్కడ రాసింది అక్కడ చెప్తే చాలు. దానికి విలీనం దాకా ఆగనక్కరలేదు. రెండు డిస్ట్రిక్టులు కలిసి ఒక థెరపీ బృందాన్ని పంచుకోవచ్చు, ఒకే బిజినెస్ అడ్మినిస్ట్రేటర్‌ను పెట్టుకోవచ్చు. ఇప్పటికే కొన్ని డిస్ట్రిక్టులు సూపరింటెండెంట్‌ను కూడా పంచుకుంటున్నాయి. బోర్డులు ఎవరివి వాళ్లకే ఉంటాయి. నా మటుకు ముందు అది చేసి చూడాలి. హైస్కూలు ఎలాగూ ఒకటే కాబట్టి, చిన్న తరగతుల బడిని ఊళ్లోనే ఉంచాలి.

తూర్పుగట్టు:
అధ్యయనం వద్దని ఇప్పటికీ అనను. కానీ బోర్డును మూడు విషయాలు రాతపూర్వకంగా అడుగుతాను. పన్ను పంపకానికి ఏ సూత్రం, కొత్త బోర్డులో మాకు ఎన్ని సీట్లు, మా బడిని మూయాలంటే ఎన్ని ఓట్లు. విలీనం లేకుండా సిబ్బందిని పంచుకుంటే ఎంత మిగులుతుందో కూడా అధ్యయనంలో చేర్చమంటాను. గవర్నర్ బడ్జెట్ ప్రసంగం అయిన రెండు రోజుల్లో ఏ డిస్ట్రిక్టుకు ఎంత సహాయమో రాష్ట్రం ప్రకటిస్తుంది. ఆ తర్వాత మార్చిలో మా బోర్డు తాత్కాలిక బడ్జెట్ పెడుతుంది. ఆ మీటింగుకు మా వీధి నుంచి ఎవరెవరు వస్తారో ఈ వారమే కనుక్కుంటాను. చందుఅమ్మ గారూ, మీ పక్క డిస్ట్రిక్టు థెరపీ బృందం వివరాలు దొరికితే ఇక్కడ పెట్టండి.