సెల్లార్ మోటారు పైపును వీధి కాలువకు మళ్ళించవచ్చునా?

మాగుంట లేఅవుట్ నివాసి: ఈశాన్య రుతుపవనాల కాలంలో మా సెల్లార్ గుంటలో ఊట ఆగదు. 12 ఏళ్ళ క్రితం ఇల్లు కొన్ననాటి నుంచీ ఆ నీటిని మోటారు పక్క సందులోకే తోడుతోంది. తమ గోడ చెమ్మగిల్లుతోందని పక్కింటివారు అంటున్నందున, పైపును 60 అడుగులు లాగి వీధి కాలువలో వదలదలచాను. సలహా ఇవ్వగలరు.

ఒంగోలు ప్లంబర్: మళ్ళించండి, కాని ఇప్పుడున్న ఒకటిన్నర అంగుళాల పైపుతో కాదు. అంతే నీరు పారాలంటే, రెండంగుళాల పైపులో కంటే అందులో రాపిడి దాదాపు నాలుగు రెట్లు ఉంటుంది. ఎల్బోలు (పైపు మలుపులు) పెరిగేకొద్దీ మోటారుకు బరువు మరింత పెరుగుతుంది. నాన్ రిటర్న్ వాల్వ్ లేకపోతే మోటారు ఆగగానే పైపులోని నీరు గుంటలోకి తిరిగివస్తుంది. పైపు కొస కాలువ పొంగే మట్టానికి పైనే ఉండాలి.

కావలి విశ్రాంత ఉద్యోగి: ఇన్నేళ్ళుగా ఉన్న హక్కును ఎందుకు వదులుకోవాలి?

మాగుంట లేఅవుట్ నివాసి: అలాంటి హక్కు రావాలంటే 1882 నాటి ఈజ్‌మెంట్స్ (పక్కవారి స్థలంపై వాడుక హక్కుల) చట్టం 15వ సెక్షన్ 20 ఏళ్ళ వాడుక అడుగుతుందండీ.

కావలి విశ్రాంత ఉద్యోగి: పాత యజమాని కాలాన్ని కలుపుకోరా?

కొత్త సభ్యుడు: యూజీడీ (భూగర్భ మురుగు పైపుల) చాంబర్‌లో మాత్రం కలపకండి, వానల్లో మురుగు ఇళ్ళలోకి ఎదురుతన్నుతుంది.

పల్లపు వీధి వాసి: ఆ కాలువ ఎటు పోతుందో ఒక్కరూ అడగలేదు. మా వీధిలోకే పోతుంది. 2015 నవంబరు వానల్లో మా నట్టింట మోకాటి లోతు నీళ్ళు నిలిచాయి, మా అమ్మను మంచంతో సహా మేడ మీదికి మోసుకుపోయాము. ప్లంబర్ గారు రెండంగుళాలు వేయమంటున్నారు. అంటే మా మీదికి ఇంకా త్వరగా పంపమనే కదా!

ఒంగోలు ప్లంబర్: నన్ను అడిగింది పైపు గురించి, ఊరి పల్లం గురించి కాదు. అంతటి వాన ముందు ఒక ఇంటి ఊట ఏపాటిది?

పల్లపు వీధి వాసి: ప్రతి ఇంటివారూ ఇదే మాట అంటారు.

మాగుంట లేఅవుట్ నివాసి: మరి ఆ నీటిని నన్ను తాగమంటారా?

పల్లపు వీధి వాసి: ఊట పడే నేలలో సెల్లార్ తవ్వి, అందులో కార్లు పెట్టుకొని అద్దె మిగుల్చుకున్నది మీవైపువారు. కాలువ నిండినంతసేపు మోటారు ఆపి, మీ కార్లను తడవనివ్వండి. నా అభ్యంతరం పైపు మీద కాదు, ఆ లెక్క మీద.

మాగుంట లేఅవుట్ నివాసి: కార్లే అయితే ఆపేవాడిని. ఆరు కుటుంబాల కరెంటు మీటర్లు అక్కడే ఉన్నాయి.

పల్లపు వీధి వాసి: అయితే ముందు మార్చవలసినది పైపును కాదు, మీటర్లను.

కావలి విశ్రాంత ఉద్యోగి: ఇంతకీ పాత యజమాని ఆ పైపును ఏ సంవత్సరంలో వేయించారు?