ట్రాక్ కారులో టెంపరేచర్ గేజ్: ఎక్కడ బిగించాలి, ఏ వేడిని చూపాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. నా మారుతి ఎస్టీమ్‌ను రోడ్డు మీద తిప్పడం మానేసి, చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో ఉన్న ట్రాకు కోసమే సిద్ధం చేసుకుంటున్నాను. 1.3 లీటర్ల ఇంజిన్‌లో పెద్ద మార్పులేమీ చేయలేదు. వెనుక సీటు, కార్పెట్లు, ఏసీ తీసేసి బరువు మాత్రం తగ్గించాను. డాష్‌బోర్డులో ఉన్న టెంపరేచర్ ముల్లుకు అంకెలు లేవు. ట్రాకు మీద ఇంజిన్ ఎన్ని డిగ్రీల దగ్గర పనిచేస్తోందో నాకు అంకెల్లో తెలియాలి, ఎందుకంటే ఇంజిన్ పైభాగంలో ఉండే అల్యూమినియం హెడ్ ఒకసారి వంగిందంటే ఆ ఖర్చు ముందు గేజ్ ఖర్చు లెక్కలోకే రాదు.

నా సందేహాలు మూడు. గేజ్‌ను డాష్‌బోర్డులో ఎక్కడ బిగిస్తే నడిపేటప్పుడు బాగా కనిపిస్తుంది? సన్నటి రాగి గొట్టంతో వచ్చే మెకానికల్ గేజ్ కొనాలా, వైరుతో పనిచేసే ఎలక్ట్రికల్ గేజ్ కొనాలా? ఒక్క గేజ్ మాత్రమే పెట్టగలిగితే అది నీటి వేడిని చూపాలా, ఆయిల్ వేడిని చూపాలా? ఏసీ బటన్లు తీసేసిన చోట 52 మిల్లీమీటర్ల గేజ్ ఒకటి సరిగ్గా పడుతుంది కాబట్టి ప్రస్తుతానికి అక్కడే పెడదామని అనుకుంటున్నాను.

మొదటి సమాధానం

మీరు డాష్‌బోర్డు దగ్గర మొదలుపెట్టారు, నేను ఇంజిన్ దగ్గర మొదలుపెట్టమంటాను. గేజ్ ఎంత ఖరీదైనదైనా సెన్సరు కొన తగిలిన చోట ఉన్న వేడిని మాత్రమే చెబుతుంది. ఆ చోటు తప్పయితే డాష్‌బోర్డు మీద ఎంత అందంగా బిగించినా ప్రయోజనం ఉండదు.

రోడ్డు కార్లలో చాలావాటికి ముల్లును కావాలనే మందకొడిగా ఉంచుతారు. నీటి వేడి సుమారు 80 డిగ్రీల నుంచి 105 డిగ్రీల దాకా ఎటు మారినా అది మధ్యలోంచి కదలదు. ఫ్యాను తిరిగి ఆగినప్పుడల్లా ముల్లు ఊగుతుంటే కొన్నవాళ్లు కంగారుపడి సర్వీస్ సెంటరుకు వస్తారు కాబట్టి రోడ్డు మీద ఆ ఏర్పాటు సబబే. ట్రాకు మీద మనకు కావలసినది మాత్రం సరిగ్గా ఆ 80కీ 105కీ మధ్య జరిగేదే. ల్యాపు ల్యాపుకూ రెండు డిగ్రీలు పెరుగుతూ పోతోందా, 96 దగ్గరో 98 దగ్గరో వచ్చి నిలబడిందా అన్నది తెలిస్తేనే రేడియేటరు చాలుతోందో లేదో తేల్చుకోగలం.

నీటి సెన్సరును థర్మోస్టాట్‌కు (నీరు వేడెక్కాకే దాన్ని రేడియేటరుకు వదిలే కవాటానికి) ఇంజిన్ వైపున, హెడ్‌లోంచి వేడి నీరు బయటికి వచ్చే దారిలో పెట్టాలి. రేడియేటరు కింది పైపులో పెడితే చల్లబడి తిరిగి వస్తున్న నీటి వేడి కనిపిస్తుంది. రేడియేటరు పనితీరు కొలవడానికి అది పనికొస్తుంది గానీ హెడ్‌ను కాపాడటానికి పనికిరాదు. రంధ్రం వేయడం ఇష్టం లేనివాళ్లు పై పైపును కోసి, మధ్యలో మర ఉన్న అల్యూమినియం గొట్టం ముక్క పెట్టి రెండు వైపులా క్లిప్పులు బిగిస్తారు. ఈ పద్ధతి తేలికే. అయితే థర్మోస్టాట్ తెరుచుకునేదాకా వేడి నీరు అక్కడికి చేరదు కాబట్టి మొదటి నిమిషాల్లో గేజ్ తక్కువ చూపిస్తుంది. రెండు వైపులా రబ్బరే ఉండటంతో ఆ గొట్టానికి ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగి చేరే దారి, కూడా అందదు. ఒక్క వైరు సెన్సరు వాడితే గొట్టం ముక్క నుంచి ఇంజిన్ బ్లాకుకు విడిగా ఒక ఎర్త్ వైరు వేయక తప్పదు.

ఇంకొకటి చాలామంది ఆలోచించరు. సెన్సరు కొన నీటిలో మునిగి ఉన్నంతసేపే అది నీటి వేడిని చెబుతుంది. పైపు ఊడి నీరంతా పోతే కొనకు ఆవిరీ గాలీ తగిలి, ఇంజిన్ కాలిపోతున్నా గేజ్ తక్కువ అంకె చూపవచ్చు. కాబట్టి నడుపుతుండగా ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే దాన్ని శుభవార్తగా తీసుకోకండి, అప్పటికప్పుడు బండిని ట్రాకు పక్కకు తీయండి.

మరల విషయంలో తొందరపడవద్దు. అంగుళంలో ఎనిమిదో వంతు ఎన్‌పీటీ (అమెరికన్ కొలత) మరకూ అదే కొలత బీఎస్‌పీ టేపర్ (బ్రిటిష్ కొలత, కొన వైపు సన్నబడే) మరకూ కంటికి తేడా కనిపించదు. మొదటిదానిలో అంగుళానికి 27 మరలు, కోణం 60 డిగ్రీలు; రెండోదానిలో 28 మరలు, కోణం 55 డిగ్రీలు. చేత్తో తిప్పితే ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, ఆ తరువాత పానాతో బలవంతం చేస్తే అల్యూమినియం మర తెగిపోతుంది. మర గేజ్‌తో కొలిపించాకే అడాప్టరు కొనండి. హైదరాబాద్ రాణీగంజ్‌లో ఇత్తడి ఫిట్టింగులు దొరుకుతాయి. సరిపడేది దొరకకపోతే విజయవాడ ఆటోనగర్‌లో గానీ మీ ఊళ్లో గానీ మంచి లేత్ పనివాడు ఒక పూటలో చేసిపెడతాడు.

మూడో ప్రశ్నకు నా జవాబు నీరు అనే. అల్యూమినియం హెడ్ ఉన్న ఇంజిన్‌లో ముందుగా ప్రమాదం వచ్చేది అక్కడే.

రెండవ సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తూ వైరింగ్ గురించి మాత్రం రాస్తాను.

మెకానికల్ గేజ్‌కు కరెంటు అక్కర్లేదు, ఎర్త్ సమస్య రాదు, ముల్లు నమ్మకంగా తిరుగుతుంది. కానీ దాని గొట్టమూ కొనా గేజ్‌తో కలిసే వస్తాయి, మధ్యలో కోయడానికి వీలుండదు, ఎక్కడైనా మడతపడి పగిలితే గేజ్ మొత్తం పోయినట్టే. బానెట్ కింద నుంచి డాష్‌బోర్డు దాకా ఆ గొట్టాన్ని పెద్ద రంధ్రంలోంచి దూర్చి తేవాలి, ఇంజిన్ దింపిన ప్రతిసారీ మళ్లీ విప్పాలి. ట్రాకు కారులో ఇంజిన్ దింపే పని తరచుగా పడుతుంది కాబట్టి నేను ఎలక్ట్రికల్‌కే ఓటు వేస్తాను.

ఎలక్ట్రికల్ గేజ్‌నూ సెన్సరునూ జతగానే కొనండి. ఈ సెన్సర్లలో వేడి పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ తగ్గుతుంది, ఎంత తగ్గుతుందన్నది ఒక్కో తయారీకి ఒక్కో రకంగా ఉంటుంది. ఉదాహరణకు బాష్ తయారుచేసే ఎం12×1.5 మర (12 మిల్లీమీటర్ల వ్యాసం, మరల మధ్య 1.5 మిల్లీమీటర్లు) సెన్సరు 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 100 డిగ్రీల దగ్గర సుమారు 186 ఓమ్‌లు చూపుతుంది. వేరే కంపెనీ గేజ్‌కు దీన్ని తగిలిస్తే ముల్లు తిరుగుతుంది, అంకె మాత్రం అబద్ధం చెబుతుంది. ఇంజిన్ కంప్యూటరుకు సమాచారం ఇచ్చే రెండు వైర్ల సెన్సరు నుంచి గేజ్‌కు వైరు లాగే పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. గేజ్ కలిపిన క్షణం నుంచి ఆ వైరులో వోల్టేజి మారిపోతుంది, కంప్యూటరు ఇంజిన్ వేడిని తప్పుగా లెక్కగట్టి పెట్రోలు పాళ్లు మార్చేస్తుంది.

గేజ్‌కు కరెంటును ఇగ్నిషన్ తాళం వేస్తేనే వచ్చే వైరు నుంచి, 3 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా తీసుకోండి. గేజ్ లోపలి దీపానికి పార్కింగ్ లైట్ల వైరు వాడండి. గేజ్ ఎర్త్‌ను డాష్‌బోర్డు వెనుక దొరికిన ఏదో ఒక స్క్రూకు కట్టేయకుండా, సెన్సరు ఉన్న ఇంజిన్ బ్లాకు దాకా ప్రత్యేకంగా తీసుకెళ్లండి. రేడియేటరు ఫ్యాను ఆన్ అయిన ప్రతిసారీ ముల్లు ఠక్కున జరిగిందంటే అది వేడి మారడం వల్ల కాదు, రెండు ఎర్త్‌ల మధ్య వోల్టేజి తేడా వల్ల. అదే కారణంగా ఒక్క వైరు సెన్సరు మర మీద టెఫ్లాన్ టేపును మందంగా చుట్టకూడదు. టేపర్ మర అయితే కొన దగ్గర ఒకటి రెండు మరలు వదిలేసి, లీకు ఆపే ద్రవాన్ని పలచగా రాస్తే చాలు. వైరు ఫైర్‌వాల్ (ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్య ఉండే రేకు) దాటే చోట రబ్బరు గ్రోమెట్ తప్పనిసరి, ఎగ్జాస్ట్ దగ్గర వేడిని తట్టుకునే తొడుగు కూడా తప్పనిసరి.

మూడవ సమాధానం

నీటి గేజే మొదట పెట్టమన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. ఇంజిన్‌లో పెద్ద మార్పులు లేని కారులో, రేడియేటరు శుభ్రంగా ఉండి మూత సరిగ్గా ఒత్తిడి నిలుపుతుంటే, నీటి వేడిని థర్మోస్టాటూ ఫ్యానూ చాలావరకు అదుపులో ఉంచుతాయి. ఆయిల్‌ను అలా చూసుకునేది చిన్న ఇంజిన్లలో చాలావాటికి ఏదీ ఉండదు. పిట్ (ట్రాకు పక్కన కార్లు ఆపే చోటు) నుంచి బయటికి వెళ్లేటప్పుడు నీరు 85 డిగ్రీలకు చేరినా ఆయిల్ ఇంకా 50, 60 దగ్గరే ఉండవచ్చు. అప్పుడే 6,000 ఆర్‌పీఎం దాకా లాగితే బేరింగుల మీద భారం పడుతుంది. పది పన్నెండు నిమిషాల పూర్తి వేగం తరువాత కథ తిరగబడుతుంది, నీరు 95 దగ్గర నెమ్మదిగా ఉన్నా ఆయిల్ 130 దాటిపోతుంది, ఆయిల్ పలచబడి ఒత్తిడి పడిపోతుంది. మంచి సింథటిక్ ఆయిల్‌కు ట్రాకు మీద 100 నుంచి 120 డిగ్రీలు మామూలే. 130 కనిపిస్తే నేను వేగం తగ్గిస్తాను, 140 కనిపిస్తే పిట్‌లోకి వచ్చేసి తరువాతి సెషన్‌కు ముందు ఆయిల్ మారుస్తాను.

ఆయిల్ సెన్సరుకు, ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే చాంబర్ కింద ఉండే డ్రెయిన్ బోల్టు స్థానాన్ని చాలామంది వాడతారు. ఎత్తు తగ్గించిన కారులో, అంచుల్లోని ఎత్తైన కర్బుల మీదుగా పోయే ట్రాకులో ఆ చోటు నాకు నచ్చదు, ఒక రాయి తగిలితే ఆయిలంతా ట్రాకు మీదే. బ్లాకుకూ ఆయిల్ ఫిల్టరుకూ మధ్య పెట్టే శాండ్‌విచ్ ప్లేటు మేలు. జపాన్ డిజైను ఇంజిన్లలో చాలావాటికి ఫిల్టరు మర ఎం20×1.5 ఉంటుంది, మీ ఫిల్టరు మీద చూసి నిర్ధారించుకోండి. ప్లేటు మందం మేరకు ఫిల్టరు బయటికి జరుగుతుంది కాబట్టి పక్కన ఏదైనా తగులుతుందేమో చూడాలి. అక్కడ ఆయిల్ పూర్తి ఒత్తిడితో పారుతుంది కనుక, బిగించాక ఇంజిన్ ఆన్ చేసి ఓ-రింగు చుట్టూ తడి ఉందేమో టార్చి వేసి చూశాకే కారును జాకీ మీద నుంచి దించండి.

ఇక మీ మొదటి ప్రశ్న. ఏసీ బటన్ల చోటు వద్దు. ముఖం పూర్తిగా కప్పే హెల్మెట్ పెట్టుకుంటే గడ్డం దగ్గరి భాగం కింది చూపును మింగేస్తుంది, అంత కిందున్న గేజ్ చూడాలంటే తల వంచాల్సిందే. గంటకు 180 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 50 మీటర్లు పోతుంది. ఆ ఒక్క సెకను తల వంచితే బ్రేకు వేయాల్సిన గుర్తు వెనుక ఉండిపోతుంది. హెల్మెట్ పెట్టుకుని, బెల్టులు గట్టిగా బిగించుకుని, సీట్లో కూర్చుని, ఒక అట్ట వృత్తాన్ని డాష్‌బోర్డు మీద అటూ ఇటూ అంటించి చూడండి. కుడి పక్క అద్దం స్తంభం అడుగున గానీ, మీటర్ల పైన విండ్‌షీల్డుకు దగ్గరగా గానీ మీ కళ్లకు సరైన చోటు దొరుకుతుంది. బిగించేటప్పుడు మామూలు వేడి దగ్గర ముల్లు నిటారుగా పైకి చూసేలా గేజ్‌ను తిప్పి పెట్టండి. అంకె చదవాల్సిన పని ఉండదు, ముల్లు నిలువుగా ఉందా, పక్కకు ఒరిగిందా అన్నది క్రీగంట కూడా తెలుస్తుంది.

దానితోపాటు ఎర్ర లైటు ఒకటి పెట్టుకోండి. కారును కాపాడేది చివరికి అదే, గేజ్ కాదు. గేజ్‌ను మీరు చూడాలి, లైటు మిమ్మల్ని చూసేలా చేస్తుంది. 110 డిగ్రీల దగ్గర ఎర్త్‌ను కలిపే టెంపరేచర్ స్విచ్చు, పెద్ద ఎల్‌ఈడీ ఉంటే సరిపోతుంది. మీకు డబ్బు ఒక్క గేజ్‌కే ఉంటే ఆయిల్‌కు గేజ్, నీటికి లైటు అన్నది నా సలహా.

ప్రశ్న అడిగినవారి జవాబు

ముగ్గురికీ ధన్యవాదాలు. హెల్మెట్ పెట్టుకుని అట్టముక్కతో చూశాను. ఏసీ బటన్ల చోటు నిజంగానే కనిపించడం లేదు, కుడి స్తంభం అడుగున బాగా కనిపిస్తోంది. ఆయిల్‌కు ఎలక్ట్రికల్ గేజ్, నీటికి 110 డిగ్రీల స్విచ్చూ ఎర్ర లైటూ పెట్టడానికి నిశ్చయించుకున్నాను. బిగించే ముందు గేజ్ చూపేది నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉందా? లైటు వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపేయాలా?

రెండవ సమాధానం ఇచ్చినవారి జవాబు

గేజ్‌నూ సెన్సరునూ టేబుల్ మీద 12 వోల్టుల బ్యాటరీకి కలిపి, సెన్సరు ఇత్తడి ఒంటికి ఎర్త్ వైరు కట్టి, కొనను మాత్రం మరుగుతున్న నీటిలో ముంచండి. గిన్నె అడుగుకు తగలనివ్వకండి, అడుగు నీటికంటే వేడిగా ఉంటుంది. మీరు హైదరాబాద్‌లో ఉంటే 100 చూపాలని ఎదురుచూడవద్దు. సముద్ర మట్టానికి 500 మీటర్ల పైన ఉన్న ఊరు కాబట్టి అక్కడ నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. చెన్నైలో అయితే దాదాపు 100. పక్కనే వంటింటి డిజిటల్ థర్మామీటరు కూడా ముంచి, నీరు చల్లారుతుండగా 90, 80, 70 దగ్గర రెండింటినీ పోల్చి రాసుకోండి. తేడా అన్నిచోట్లా ఒకేలా ఉంటే పరవాలేదు, వేడితోపాటు తేడా పెరుగుతుంటే సెన్సరు జత తప్పని అర్థం. 110 డిగ్రీల స్విచ్చును నీటితో పరీక్షించలేరు. వంట నూనెలో స్విచ్చు కొననూ థర్మామీటరునూ ముంచి, మంట సన్నగా పెట్టి, స్విచ్చుకు కలిపిన మల్టీమీటరు ఎన్ని డిగ్రీల దగ్గర మోగిందో చూడండి, గిన్నె దగ్గర నుంచి మాత్రం కదలకండి.

లైటు వెలగ్గానే ముందుగా చూడాల్సింది నీరు ఉందా లేదా అన్నది. అద్దంలో ఆవిరి కనిపించినా, టైరు జారినట్టు అనిపించినా, ఆయిల్ ముల్లు కూడా వేగంగా ఎగబాకుతున్నా, అది లీకు. రేసింగ్ లైను వదిలి, బండి ఆపి, ఇంజిన్ కట్టేయండి. అవేవీ లేకపోతే యాక్సిలరేటరు వదిలి, పై గేరులో తక్కువ ఆర్‌పీఎం మీద పిట్ దాకా నెమ్మదిగా రండి. గాలి తగులుతూ, పంపు తిరుగుతూ ఉంటే వేడి దిగుతుంది. రాగానే ఇంజిన్ కట్టేస్తే పంపు ఆగిపోయి హెడ్‌లోని వేడి అక్కడి నీటిలోకే చేరుతుంది, వేడి ఇంకాస్త పెరుగుతుంది. 0.9 బార్ మూత ఉంటే మామూలు నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు, సగం కూలెంట్ కలిపితే 125 కూడా దాటుతుంది. కాబట్టి 110 దగ్గర వెలిగే లైటు మీకు నెమ్మదిగా వెనక్కి వచ్చే వ్యవధి ఇస్తుంది. మూత పాతదైతే ఈ లెక్క చెల్లదు, గేజ్‌తోపాటే కొత్త మూత కూడా కొనండి.