కాలేయ కణాలకు గ్లూకోజు ఒక్కటే ఎందుకు చాలడం లేదు?

ప్రశ్న (ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ విద్యార్థిని, గుంటూరు)

నమస్కారమండీ. గ్లూకోజు పెరిగితే కాలేయ కణంలో సీహెచ్‌రెబ్‌పీ అనే ప్రోటీను కేంద్రకంలోకి వెళ్లి గ్లూకోజును విడగొట్టడంలో తోడ్పడే పైరువేట్ కైనేజ్ అనే ఎంజైము జన్యువును పనిలో పెడుతుందని చదివాను. అయితే మా ల్యాబులో ఎలుక కాలేయం నుంచి వేరుచేసిన కణాలను ఒక రోజు ఇన్సులిన్ లేకుండా ఉంచి, ఆ తర్వాత లీటరుకు 4.5 గ్రాముల గ్లూకోజు, అంటే 25 మిల్లీమోలార్, ఉన్న మీడియం పోసినా ఆ ఆర్‌ఎన్‌ఏ పెరగలేదు. లోపం ఎక్కడ ఉందంటారు?

జవాబు 1 (అధ్యాపకుడు, విజయవాడ)

అమ్మా, ఈ ప్రోటీను స్పందించేది నేరుగా గ్లూకోజుకు కాదు, కణం లోపల దానికి ఫాస్ఫేటు తగిలాక పుట్టే గ్లూకోజ్-6-ఫాస్ఫేట్, జైలులోజ్-5-ఫాస్ఫేట్ వంటి పదార్థాలకు. కణపొరలోని గ్లట్-2 అనే రవాణా ప్రోటీను ద్వారా గ్లూకోజు లోపలికి ఎటూ వచ్చేస్తుంది కానీ, ఆ ఫాస్ఫేటును తగిలించే గ్లూకోకైనేజ్ జన్యువు కాలేయంలో ఇన్సులిన్ మీదే ఆధారపడి ఉంటుంది. ఈ ఎంజైము సగం వేగం అందుకోవడానికే దాదాపు 8 మిల్లీమోలార్, మన రక్తపరీక్ష కాగితాల లెక్కలో 145 చక్కెర, కావాలి కనుక, ఇడ్లీ తిన్నాక పేగుల నుంచి కాలేయానికి రక్తం తెచ్చే పోర్టల్ సిరలో గ్లూకోజు పెరిగేకొద్దీ దీని పని కూడా పెరుగుతుంది. మీ కణాలు ఇన్సులిన్ లేని ఆ ఒక్క రోజులో గ్లూకోకైనేజ్‌ను చాలావరకు పోగొట్టుకుని ఉంటాయి. ఆ ఎంజైమును బయటి నుంచి జన్యువు రూపంలో చేర్చిన కణాలలో ఇన్సులిన్ లేకుండా గ్లూకోజు ఒక్కటే సరిపోయిందని 1990లలోనే చూపించారు.

ఇక సంకేతాల విషయం. ఉపవాసంలో గ్లూకగాన్ హార్మోను వల్ల కణం లోపలి సంకేత పదార్థమైన సైక్లిక్ ఏఎంపీ పెరిగి, ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైము సీహెచ్‌రెబ్‌పీలోని 196వ అమైనో ఆమ్లమైన సెరీన్‌కు ఫాస్ఫేటు తగిలించి దానిని కేంద్రకం బయటే నిలిపివేస్తుందనీ, భోజనం తర్వాత జైలులోజ్-5-ఫాస్ఫేట్ ప్రేరేపించిన ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఆ ఫాస్ఫేటును తొలగిస్తుందనీ, 2001లో ఈ ప్రోటీనును గుర్తించిన డల్లాస్‌లోని ఉయేడా బృందం ప్రతిపాదించింది.

జవాబు 2 (పరిశోధకుడు, గుంటూరు)

మాస్టారి మాటకు చిన్న సవరణ. ఆ ఫాస్ఫేటు చోట్లను మార్చివేసినా ఈ ప్రోటీను గ్లూకోజుకు స్పందిస్తూనే ఉందని తర్వాతి ప్రయోగాలు చూపాయి. ప్రోటీను ముందు భాగమే తనను తాను అణచి ఉంచుకుంటుందనీ, గ్లూకోజు ఆ అణచివేతను సడలిస్తుందనీ చెప్పడమే నాకు ఎక్కువ నమ్మకంగా తోస్తోంది. 2012లో వెలుగులోకి వచ్చిన, ఇదే ప్రోటీను తాలూకు బీటా రూపంలో ఆ అణచే భాగం ఉండదు, కనుకనే దాని చురుకుదనం ఎక్కువ. బీటా ఆర్‌ఎన్‌ఏను కూడా కొలవండి, గ్లూకోజు స్పందనకు అది మంచి గుర్తు.

ప్రశ్నించిన విద్యార్థిని

ధన్యవాదాలండీ. సీసా మీద గ్లూకోజు అంకె చూసుకున్నానే తప్ప ఇన్సులిన్ సంగతి పట్టించుకోలేదు. ఈసారి మొదటి నుంచీ ఇన్సులిన్ ఉంచి, కొవ్వు ఆమ్లాలను తయారుచేసే ఫ్యాటీ యాసిడ్ సింథేజ్‌ను కొలిస్తే సరిపోతుందా?

జవాబు 1 (అధ్యాపకుడు, విజయవాడ)

అది వద్దమ్మా. ఆ జన్యువును ఇన్సులిన్ కూడా ఎస్‌రెబ్‌పీ-1సీ అనే మరో ప్రోటీను ద్వారా విడిగా పెంచుతుంది కనుక ఎవరి ప్రభావం ఎంతో తేల్చలేరు. పైరువేట్ కైనేజ్‌నే కొలవండి, పక్కనే గ్లూకోకైనేజ్ కూడా చూడండి. తక్కువ గ్లూకోజు ప్లేటులో, కణాలు వాడుకోని మానిటాల్ కలిపి, రెండింటి ఆస్మాటిక్ పీడనం సమానంగా ఉండేలా చూసుకోవడం మరిచిపోకండి.