మడమ ఫ్రేముకు రాసుకుంటోంది: క్లీట్ తిప్పాలా, పెడల్ బయటికి జరపాలా?

తెల్లారి_రైడ్: పోయిన నెల నా రోడ్ సైకిల్‌కి షిమానో ఎస్‌పీడీ-ఎస్ఎల్ పెడల్స్ (షూ బిగుసుకునే రకం) వేయించాను, పసుపు క్లీట్లు (షూ అడుగున బిగించే, పెడల్‌లో ఇరుక్కునే ముక్కలు). కుడి మడమ తొక్కిన ప్రతిసారీ చైన్‌స్టేకి (పెడల్స్ దగ్గర్నించి వెనక చక్రానికి వెళ్లే ఫ్రేము గొట్టం) తగులుతోంది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్ సోలార్ సైకిల్ ట్రాక్ మీద ఒక రౌండు కొట్టి దిగి చూస్తే నల్ల పెయింట్ మీద తెల్లగా గీత! ప్రాణం ఉసూరుమంది. షాపతను క్లీట్ కొంచెం తిప్పి "అలవాటైపోతుంది సార్" అన్నాడు. తగలడం ఆగింది గానీ, మోకాలి బయటివైపు సలుపు మొదలైంది. ఇప్పుడేం చెయ్యాలి?

గేరన్న: తిప్పడం తప్పు కాదు, ఎక్కువ తిప్పాడు. మడమ బయటికి రావాలంటే క్లీట్ ముక్కు చిటికెనవేలి వైపు వెంట్రుకవాసి తిప్పితే చాలు. ఇంకో మాట. పసుపు క్లీట్‌లో పాదం 6 డిగ్రీలు ఆడుతుంది, నీలంలో 2, ఎరుపులో అసలు ఆడదు. నీలం వేస్తే మడమ లోపలికి జారే చోటే ఉండదు. నేను రెండేళ్లుగా దాంతోనే 200 కిలోమీటర్ల బ్రెవేలు (గడువులోగా ముగించాల్సిన దూరపు రైడ్లు) తొక్కుతున్నా.

మోకాలు_ముఖ్యం: గేరన్నా, మీ పాదం తిన్నగా ఉంది కాబట్టి మీకు సరిపోయింది. తెల్లారి గారూ, టేబుల్ అంచున కూర్చుని కాళ్లు వేలాడేసి చూడండి. పాదం బయటికి చూస్తోందా? అయితే అది మీ కాలి తీరు. నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 5,400 సార్లు ఆ మోకాలిని మెలిపెడుతున్నారన్నమాట. కోణం పాత చోటికి తెచ్చేయండి. పాదాన్నే బయటికి జరపండి. దానికి క్లీట్‌ని బొటనవేలి వైపు జరపాలి. క్లీట్ లోపలికి పోతే షూ బయటికి వస్తుంది, సగం మంది ఇక్కడే తిరగేసి చేస్తారు. చాలకపోతే పెడల్‌కీ క్రాంక్‌కీ (పెడల్ బిగించే చేయి) మధ్య పల్చటి వాషర్, ఒక్కటే. రెండు మూడు పేర్చితే మర సరిగా పట్టదు. షిమానో అల్టెగ్రా రకంలో ఇరుసు 4 మి.మీ. ఎక్కువ పొడుగున్న పెడల్స్ కూడా ఉన్నాయి.

గేరన్న: పాదాలు ఎడంగా పెట్టి తొక్కితే నాకు తుంటి పట్టేస్తుంది. పెయింట్ గీతకి అంత ఖర్చా? పారదర్శక టేపు అంటించుకోండి, పోతుంది.

వైజాగ్_ఘాట్: క్లీట్ వెనక్కి, అంటే మడమ వైపు, జరిపి చూశారా? పాదం ముందుకెళ్తుంది, మడమ చైన్‌స్టే వెడల్పయ్యే చోటికి దూరమవుతుంది. చిన్న ఫ్రేమైతే మాత్రం జాగ్రత్త, మలుపులో బొటనవేలు ముందు చక్రానికి తగలొచ్చు.

తెల్లారి_రైడ్: ఆదివారం చేసిన పని: కోణం పాత చోటికి, క్లీట్ బొటనవేలి వైపు 2 మి.మీ., ఒక వాషర్. ఎడమ పెడల్ మర తిరగేసి ఉంటుందని మర్చిపోయి పావుగంట కుస్తీ పట్టా. సలుపు తగ్గింది, చైన్‌స్టేకి తగలడం లేదు. లేచి నిలబడి తొక్కితే మాత్రం క్రాంక్ మీది లోగోని మడమ ఇంకా గీస్తోంది. అక్కడికి టేపు తెప్పించా. గేరన్నా, నవ్వకండి.