ముసురు పట్టి ఆరు రోజులు: గోడకు నెమ్ము, మామకు దమ్ము, ఏం చేయాలె?

హన్మకొండ కోడలు:
అందరికీ నమస్తే. నయీంనగర్ దగ్గర కింది పోర్షన్‌ల కిరాయికి ఉంటం. ఎండాకాలంల దిగినం. అప్పుడు గోడలకు కొత్త రంగు వేసి మంచిగ కనవడ్డది. ఇప్పుడు మామ పండుకునే అర్రల బీరువా ఎనుక నల్లగ బూజు లేసింది. బయటికి అరచెయ్యంతనే కనవడుతుండె. నిన్న రాత్రి బీరువా జరిపి చూస్తే మంచమంత పాకి ఉన్నది. తడిబట్టతోని తుడిచిన, తెల్లారేసరికి మళ్ల అదే వాసన. మామకు దమ్ము ఉన్నది. రోజుకు రెండుసార్లు ఇన్‌హేలర్ కొట్టుకునేటాయన ఇప్పుడు నాలుగైదుసార్లు కొట్టుకుంటున్నడు. రాత్రి ఆయన దగ్గు ఇంటే నాకు నిద్ర పడ్తలేదు.

బట్టలు ఎండుతలేవు, అదే అర్రల దండెం కట్టి ఫ్యాన్ కింద వేస్తున్న. వాసన పోతదని అత్తమ్మ పొద్దూకంగనే సాంబ్రాణి వేస్తున్నది. ఓనరు మళ్ల రంగు వేయిస్త అంటున్నడు. వేయించుకోవాల్నా, ఆగాల్నా? నాలుగేండ్ల బాబు కూడ ఉన్నడు, మా గల్లీల డెంగీ జ్వరాలు మొదలైనయి. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

కాజీపేట మేస్త్రీ:
చెల్లె, రంగు మాత్రం ఇప్పుడు వేయించకు. ఇరవై రెండేండ్ల సంది ఇదే పని చేస్తున్న. నెమ్ము మీద రంగేస్తే తడి లోపలనే బందైతది, రెండు నెలలకు పొక్కులు లేసి ప్లాస్టర్‌తోని సహా ఊడి చేతికొస్తది.

ముందుగాల తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఆ తడి గోడలకెల్లి వస్తున్నదా, అర్ర గాలిలకెల్లి గోడకు అంటుకుంటున్నదా? నోటుబుక్కంత పాలిథిన్ కవరు ముక్క కోయి. మచ్చ పక్కన గోడను పొడిబట్టతోని తుడిచి, కవరు పెట్టి నాలుగు దిక్కుల టేపు అతికించు, గాలి దూరొద్దు. రెండు దినాలు ముట్టుకోకు. చెమట కవరుకు గోడ దిక్కు పడితే నీళ్లు గోడల ఉన్నయి. మన దిక్కు పడితే అర్రల తేమ ఎక్కువైంది, దండేనికి బట్టలు ఆరేస్తున్నవు గద, అదే కారణం కావచ్చు.

గోడలనే ఉన్నదనుకో, మచ్చ ఏడున్నదో చూడు. గచ్చు నుంచి మూడడుగుల లోపలనే ఉండి, పైన తెల్లగ ఉప్పు గీత కొట్టినట్టుంటే పునాది నీళ్లు గుంజుతున్నట్టు. పైనుంచి కిందికి దిగుతుంటే స్లాబో, సజ్జనో. గోడ నడుమ ఒక్క తానే ఉంటే నూటికి తొంభై పైపే. ఆ గోడకు బయట దిక్కు పోయి చూసినవా? వాన పడేటప్పుడే గొడుగు పట్టుకొని పోయి చూడాలె, ఎండినంక చూస్తే ఏం తెల్వది.

ఇంకొక మాట. నెమ్మెక్కిన గోడల స్విచ్ బోర్డు ఉంటే ముట్టుకోకుండ్రి. మెయిన్ బందు చేసి ఎలక్ట్రీషియన్‌ను పిలుచుకోండ్రి.

ఎన్టీఆర్ నగర్ అక్క:
బిడ్డా, మామను ఆ అర్రలకెల్లి ఇయ్యాలనే తియ్యి. గోడ సంగతి తర్వాత. ఇన్‌హేలర్ రెండింతలైందంటే డాక్టర్‌కు చూపియ్యాలె, ముసురు తగ్గినంక పోదామని ఆగొద్దు. సాంబ్రాణి బందు చెయ్యమని అత్తమ్మకు నువ్వు చెప్తే ఇంటదో ఇనదో, డాక్టర్‌తోనే చెప్పియ్యి. మస్కిటో కాయిల్ కూడ అంతే. దమ్మున్నోళ్లకు ఏ పొగైనా పొగే. దోమతెర కట్టుండ్రి.

2023 జులైల మా ఇంట్లకు నడుం దాక నీళ్లొచ్చినయి. నీళ్లు ఎళ్లిన రెండో దినమే భద్రకాళి చెరువు కట్టకు పోతననగర్ దిక్కు గండి పడ్డదని విని, కడిగిన ఇల్లు మళ్ల మునుగుతదేమోనని సామాను సర్దుకొని కూసున్నం. ఆ కడుగుడుల నేనొక తప్పు చేసిన, నువ్వు చెయ్యొద్దని చెప్తున్న. బ్లీచింగ్ పౌడర్ చల్లిన బాత్రూంల, అది కడగకుండనే పైనుంచి యాసిడ్ పోసిన. కండ్లల్ల, గొంతుల కారం కొట్టినట్టాయె, ఊపిరాడలే. మా బిడ్డ నన్ను బయటికి గుంజింది. ఆ రెండు కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తదని తర్వాత తెలిసింది. ఇంట్ల దమ్మున్న మనిషిని పెట్టుకొని ఆ పని అసలే చెయ్యొద్దు.

బూజును పొడి చీపురుతోని కొట్టకు. పొడి లేసి ఇల్లంత పాకుతది. ముక్కుకు మాస్క్ కట్టుకో, మామను, పిల్లగాన్ని పక్కింట్ల కూసోబెట్టు. సబ్బునీళ్లతోని మెత్తటి స్పాంజి తడిపి తుడువు, వెంటనే పొడిబట్టతోని అద్దు. ఆ బట్ట మళ్ల వాడకు. బీరువాను గోడకు జానెడు దూరం జరుపు. వాన తెరిపిచ్చినప్పుడల్ల ఎదురెదురు కిటికీలు తీసి ఫ్యాన్ పెట్టు. బట్టలు వరండాల వెయ్యి, ఒక బకెట్ బట్టలు ఎండినయంటే లీటరు మీద నీళ్లు ఆ అర్ర గాలిల కలిసినట్టే.

ఇగ డెంగీ. అందరు మోరీలు చూస్తరు. డెంగీ దోమ మోరీల కాదు, తేట నీళ్లల్ల గుడ్లు పెడుతది. మా ఇంట్ల ఏడ దొరికిందో తెలుసా? ఫ్రిజ్ ఎనుక కింద ఒక ట్రే ఉంటది, దాన్ని గుంజి సెల్ఫోన్ లైటు కొట్టిన. సూది ముక్కలసొంటి పురుగులు లైటు పడంగనే వంకర్లు తిరుక్కుంట కిందికి మునిగినయి. గోలెం, పూల కుండీల కింది పళ్లాలు, టైర్లు, ఏవీ ఇడవకు. నీళ్లు పారవోస్తే సరిపోదు. గుడ్లు అంచుకు అంటుకొని ఎండినా నెలల తరబడి బతికుంటయి. పీచుతోని గట్టిగ రుద్దాలె. గుడ్డు దోమ అయ్యెటందుకు వారం, పది దినాలు, అందుకే ఆశా అక్కలు శుక్రవారం డ్రై డే అంటరు, అంటే వారానికొకసారి నిలువ నీళ్లన్ని పారవోసి ఎండబెట్టే దినం. అది పగటిపూట కుడుతది, పిల్లగానికి పొద్దటి నుంచే నిండు చేతుల అంగీ తొడుగు.

హన్మకొండ కోడలు:
అన్నా, అక్కా, ఇద్దరికీ దండం. మామను ఆ రోజే ముందర అర్రలకు మార్చినం. డాక్టర్ మందు మార్చిండు, సాంబ్రాణి సంగతి ఆయనే అత్తమ్మకు చెప్పిండు. నిన్న రాత్రి మామ మధ్యల లేవకుండ పండుకున్నడు.

కవరు పరీక్ష చేసిన. గోడ దిక్కే బొట్లు బొట్లు పట్టినయి. వానల గొడుగు పట్టుకొని సందులకు పోయి చూస్తే, పై పోర్షన్ బాత్రూం పైపు జాయింటు ఇడిసి సరిగ్గ ఆ మచ్చ ఉన్నకాడనే గోడకు కారుతున్నది. ఓనరుకు వీడియో తీసి పంపితే మనిషిని పెట్టి పైపు మార్పిచ్చిండు. మా ఫ్రిజ్ ట్రేల కూడ పురుగులున్నయి అక్కా. చూసి ఒళ్లు జలదరిచ్చింది. ఎన్నేండ్ల సంది ఫ్రిజ్ వాడుతున్ననో, ఆ ట్రే ఉన్నదని నాకు తెల్వనే తెల్వది. పీచుతోని రుద్ది, పక్కపొంటి మూడిండ్లల్ల కూడ తీసి చూపిచ్చిన.

ఓనరు బతుకమ్మకు రంగేయిస్త అంటున్నడు. అప్పటికి ఎండుతదా అన్నా?

కాజీపేట మేస్త్రీ:
ఎండది చెల్లె. తడి గోడకు అంగుళానికి ఒక నెల లెక్క పెట్టుకుంటం. మీది తొమ్మిదంగుళాల ఇటుక గోడ అయితే, రెండు దిక్కుల గాలి తగిలినా నాలుగైదు నెలలు పడుతది. సంక్రాంతి దాటినంక కవరు మళ్ల అతికించి చూడు. పొడిగుంటే పొక్కిన ప్లాస్టర్ చెక్కి, కొత్తది పూసి, అది ఎండినంక సున్నం వేయించుమను. సున్నం లోపలి తడిని బయటికి పోనిస్తది. అప్పటిదాక బీరువా ఆ గోడకు పెట్టకు.