శాటిలైట్‌లో మా చెరువు సగం ఎండినట్టు చూపిస్తోంది, ఎవరికైనా ఇలా అయ్యిందా?

ఆమదాలవలస_రైతుబిడ్డ: సెంటినెల్-2 శాటిలైట్ బొమ్మ దించి, నీరెక్కడుందో చెప్పే నీటి సూచిక లెక్కగట్టాను. చెరువులో సగం నేలే అని వచ్చింది. పొద్దున్నే వెళ్ళి చూస్తే మదుము (తూము) దగ్గర మోకాలు దాటి నీరు. ఎక్కడ తప్పాను?

గరివిడి_మాస్టారు: గుర్రపు డెక్క ఉందా?

ఆమదాలవలస_రైతుబిడ్డ: పడమర వైపంతా అదే మాస్టారూ.

గరివిడి_మాస్టారు: అదే మరి. పరారుణ కాంతిని నీరు మింగేస్తుంది, ఆకు తిప్పి కొడుతుంది. పైన డెక్క పరుచుకుంటే కింద నిలువెత్తు నీరున్నా శాటిలైట్‌కి అది పచ్చిక బయలే. దీనికి తలకిందులు కూడా ఉంది. ఒక ఉభాల (వరి నాట్ల) సీజన్లో మా మండలంలో చెరువుల విస్తీర్ణం రెట్టింపయిందని సంబరపడ్డాను. తీరా చూస్తే దమ్ము చేసిన వరి మడులు! కార్తీకంలో చెరువు నిండి, మబ్బు విడిచిన రోజు బొమ్మ మీద గట్టు గీత గీసుకోండి. లెక్క దాని లోపలే చెయ్యండి.

హిరమండలం_గట్టు: వానాకాలంలో సెంటినెల్-2 అయిదు రోజులకోసారి వచ్చినా దొరికేది మబ్బే. నేను సెంటినెల్-1 అనే రాడార్ శాటిలైట్ బొమ్మ చూస్తాను, దానికి మబ్బు అడ్డం కాదు. నిలకడ నీరు నల్లగా పడుతుంది. గాలికి అలలు లేస్తే మాత్రం తెల్లబడుతుంది. వంశధార ఇసుక మేటలూ నల్లగానే ఉంటాయి. వాటిని నీరనుకుని ఒకసారి ఊరంతా ఫోన్లు చేశాను, ఇప్పటికీ వెక్కిరిస్తారు.

నాగావళి_ఒడ్డు: ఇదంతా ఇవాళున్న నీరు. రేపొచ్చేది తెలియాలంటే? 2018లో తిత్లీ తుఫాను వెళ్ళిపోయాక మాకు చినుకు లేదు, ఏరు మాత్రం పెరుగుతూనే ఉంది. ఆ రాత్రి టెన్షన్ మర్చిపోలేను.

హిరమండలం_గట్టు: వాన పడేది పైన ఒడిశా కొండల్లో. అందుకే జీపీఎం శాటిలైట్ వాన బొమ్మ పెట్టుకోండి. అరగంటకో అంచనా, ఒక్కో గడి సుమారు 10 కిలోమీటర్లు. మా వంశధారకైతే, ఒడిశాలోని గుణుపురం మీద రంగు ముదిరితే నేను కాశీనగర్ గేజీలో ఏటి మట్టం చూసి, ఆ తర్వాత గొట్టా బ్యారేజీ గేట్ల కబురు కనుక్కుంటాను. కొండల వానను అది తక్కువ చూపించడం మామూలే, ఆ అంకె చూసి ధీమాగా పడుకోకండి.

నాగావళి_ఒడ్డు: స్వాట్ ఏదో ఉందన్నారు?

గరివిడి_మాస్టారు: అదీ శాటిలైటే, 2022 డిసెంబరులో వదిలారు. విస్తీర్ణంతో పాటు నీటి మట్టం ఎత్తూ కొలుస్తుంది. పదిహేను ఎకరాలు దాటిన చెరువులకూ, మడ్డువలస లాంటి రిజర్వాయర్లకూ బాగుంటుంది. కానీ దాని చక్రం (తిరిగి అదే దారికి రావడం) 21 రోజులు, మన వరద ఈలోగా సముద్రంలో కలిసిపోతుంది.

ఆమదాలవలస_రైతుబిడ్డ: గట్టు గీత గీశాను, డెక్కనూ నీటి లెక్కలోనే కట్టాను. విస్తీర్ణం కుదిరింది. లోతు కోసం మదుము దగ్గర గీతలు పెట్టిన వెదురు కర్ర పాతాను. నిన్న ఎవరో పీక్కుపోయి ఆనపపాదు పందిరికి వేసేశారు.